నోటికీ మైకుకూ మధ్య

మైకు చేసే పని ఒక్కటే. గాలిలో వచ్చిన శబ్దాన్ని కరెంటుగా మార్చడం. మాట పలికితే గాలి కదులుతుంది. ఆ కదలిక మైకు లోపల ఉన్న పల్చటి పొరను తాకుతుంది. పొర ఊగుతుంది. ఆ ఊపే కరెంటై తీగలోకి పోతుంది. అంతకు మించి మైకుకు ఏమీ తెలియదు. ఏది ఉపన్యాసమో, ఏది ఫ్యాను చప్పుడో, ఏది గుమ్మం దగ్గర నిలబడి మాట్లాడుకునేవాళ్ళ గొంతో దానికి పట్టదు. తన దాకా వచ్చిన శబ్దం ఎంత గట్టిగా వస్తే అంత గట్టిగా లోపలికి తీసుకుంటుంది.

అందుకే మైకు వాడకంలో అన్నిటికన్నా ముందు చూసుకోవాల్సింది నోటికీ మైకుకూ మధ్య ఉన్న దూరం. మైకు ఖరీదు కాదు. కంపెనీ పేరు కాదు. యాంప్లిఫయరు ఎన్ని వాట్లన్నదీ కాదు. దూరం. సభల్లో, పెళ్ళిళ్ళలో, నాటకాల్లో, ఇంట్లో చేసుకునే రికార్డింగుల్లో మాట సరిగ్గా వినపడలేదంటే, ముందుగా చూడాల్సిన చోటు అదే. చివరి వరసలో కూర్చున్న పెద్దాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని తంటాలు పడుతున్నాడంటే, తప్పు ఆయన చెవిది కాకపోవచ్చు. వేదిక మీద మైకుకు దూరంగా నిలబడ్డ మనిషిది కావచ్చు.

ఈ దూరం కొలవడానికి టేపు అక్కర్లేదు, చెయ్యి చాలు. నాలుగు వేళ్ళ వెడల్పు బెత్తెడు, సుమారు 3 అంగుళాలు. బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా చాపితే జానెడు, సుమారు 9 అంగుళాలు. మోచేతి నుంచి మధ్యవేలి కొస దాకా మూరెడు. అంటే రెండు జానలు, 18 అంగుళాలు. బెత్తెడు, జానెడు, మూరెడు. ఈ మూడూ గుర్తుంటే మైకు సంగతి చాలావరకు తెలిసినట్టే.

ఇప్పుడు చిన్న లెక్క. నోట్లోంచి వచ్చిన శబ్దం అన్ని వైపులా పరుచుకుంటుంది. పరుచుకున్నకొద్దీ పల్చబడుతుంది. దూరం రెట్టింపైతే మైకు పొర మీద పడే ఒత్తిడి సగమైపోతుంది. సౌండు పనివాళ్ళు దీన్ని 6 డెసిబెల్స్ తగ్గడం అంటారు. జానెడు దూరంలో మాట్లాడే మనిషి మూరెడు దూరానికి జరిగాడంటే 6 డెసిబెల్స్ పోయాయన్నమాట. పోయినదాన్ని స్పీకర్లలో మళ్ళీ తెప్పించాలంటే యాంప్లిఫయరు నాలుగు రెట్ల పవరు ఇవ్వాలి. 100 వాట్లతో అయ్యే పనికి 400 వాట్లు కావాలి. బెత్తెడు నుంచి మూరెడుకు జరిగితే దూరం ఆరు రెట్లు. అప్పుడు కావలసిన పవరు 36 రెట్లు. మనిషి జరిగింది 15 అంగుళాలే.

వాల్యూము పెంచితే సరిపోదా అనిపిస్తుంది. సరిపోదు. మనిషి వెనక్కి జరిగితే అతని గొంతు తగ్గింది గానీ, హాల్లో ఫ్యానుల చప్పుడు తగ్గలేదు. జనం గుసగుసలు తగ్గలేదు. జనరేటరు మోత తగ్గలేదు. వాల్యూము పెంచితే గొంతుతోపాటు అవన్నీ పెరుగుతాయి. మాటకూ చప్పుడుకూ మధ్య ఉండాల్సిన తేడా ఒకసారి మైకు దగ్గర పోతే, ఆ తరవాత ఏ మిషనూ దాన్ని పూర్తిగా తిరిగి ఇవ్వలేదు. కాబట్టి ముందు దూరం, తరవాత వాల్యూము. ఈ వరస తప్పకూడదు.

మైకు కూత పెట్టడం వెనక ఉన్నదీ ఈ దూరమే. వక్త నోరు తెరిచేలోపు స్పీకర్లు కీచుమంటాయి. జనం చెవులు మూసుకుంటారు. జరిగేది ఇది. మైకులోకి వెళ్ళిన శబ్దం పెద్దదై స్పీకర్లోంచి వస్తుంది. అందులో కొంత తిరిగి మైకు దగ్గరికి చేరుతుంది. అది మళ్ళీ పెద్దదై స్పీకర్లోంచి వస్తుంది. ఏదో ఒక శ్రుతి దగ్గర, తిరిగొచ్చిన శబ్దం మొదటిసారి వెళ్ళినదానితో సమానమైతే చాలు, ఇక అది ఆగదు. దానంతట అదే తిరుగుతూ కూతగా మారుతుంది. దీన్ని మొదట శాస్త్రీయంగా వివరించిన డెన్మార్కు భౌతిక శాస్త్రవేత్త సోరెన్ లార్సెన్ పేరు మీద లార్సెన్ ఎఫెక్ట్ అని కూడా అంటారు.

కూత రాగానే మైక్‌సెట్ అబ్బాయి పరుగున వెళ్ళి వాల్యూము తగ్గిస్తాడు. కూత ఆగుతుంది. మాట కూడా ఆగుతుంది. వెనక వరసల నుంచి వినపడటం లేదని కేకలు. మళ్ళీ పెంచుతాడు. మళ్ళీ కూత. కార్యక్రమం అంతా ఇలాగే సాగుతుంది. అతను చేయగలిగింది అంతే. అసలు మందు వక్త చేతిలో ఉంది. మూరెడు దూరంలో ఉన్న మైకును బెత్తెడు దగ్గరికి తెచ్చుకుంటే గొంతు బలంగా పడుతుంది. అప్పుడు వాల్యూము బాగా తగ్గించినా మాట వినిపిస్తుంది. వాల్యూము తగ్గింది గనుక కూత రాదు. ఇక్కడా అదే వరస. ముందు దూరం, తరవాత వాల్యూము.

స్పీకరు బాక్సులు ఎక్కడ పెట్టారన్నది రెండో సంగతి. బాక్సులు ఎప్పుడూ మైకు కంటే ముందు వరసలో, జనం వైపు తిరిగి ఉండాలి. వేదిక వెనక గోడకు ఆనించి, వక్త వీపు మీదుగా శబ్దం వచ్చేలా పెడితే అది నేరుగా మైకులోకే పోతుంది. షామియానా కింద జాగా చాలక చాలాచోట్ల ఇలాగే పెడతారు. బాక్సులను రెండు గజాలు ముందుకు జరిపితే పోయే బాధ అది.

మూడో సంగతి మైకు ముఖం ఎటు ఉందన్నది. సభల్లో వాడే మైకులు చాలావరకు ముందు నుంచి వచ్చే శబ్దాన్ని బాగా తీసుకుంటాయి. వెనక నుంచి వచ్చేదాన్ని వదిలేస్తాయి. వాటిని కార్డియాయిడ్ మైకులంటారు. అవి వినే మేర తమలపాకు ఆకారంలో ఉంటుంది. తొడిమె దగ్గర మైకు ఉందనుకుంటే, ఆకు పరుచుకున్న వైపంతా దాని చెవి. తొడిమె వెనక దానికి చెవి లేదు. వేదిక మీద పాటగాళ్ళ కోసం నేల మీద పెట్టే మానిటర్ స్పీకరును సరిగ్గా ఆ వెనక వైపే ఉంచాలి. కొన్ని మైకుల మీద సూపర్ కార్డియాయిడ్ అని రాసి ఉంటుంది. వాటి చెవి ముందు వైపు ఇంకా ఇరుకు. కానీ నేరుగా వెనక నుంచి వచ్చేది వాటికి కొంచెం వినిపిస్తుంది. అలాంటి మైకుకు మానిటరును నేరుగా వెనక పెట్టకూడదు. వెనకే, కాస్త పక్కకు జరిపి పెట్టాలి.

మైకు వెనక వైపు ఎలా వినకుండా ఉంటుందో తెలుసుకుంటే, దాన్ని ఎలా పట్టుకోవాలో కూడా తెలుస్తుంది. ఒక్క పొరతోనే ఈ పని చేసే మైకును అమెరికాలో బెంజమిన్ బావర్ అనే ఇంజనీరు రూపొందించాడు. షూర్ కంపెనీ దాన్ని 1939లో యూనిడైన్ పేరుతో అమ్మకానికి తెచ్చింది. కిటుకు ఇది. శబ్దం పొరను ముందు నుంచే కాదు, వెనక నుంచి కూడా తాకేలా చిన్న దారులు వదిలారు. వెనక నుంచి వచ్చే శబ్దం రెండు దారుల్లోనూ ఒకేసారి పొరను చేరి, రెండు వైపులా ఒకేలా నెడుతుంది. పొర కదలదు. ఆ సూత్రమే తరవాత మైకుల్లోకి వచ్చింది. 1966లో వచ్చిన ఎస్‌ఎమ్ 58 మైకులోనూ అదే. ఊరూరా కనిపించే గుండ్రటి జాలీ తల మైకులు చాలావరకు దాని రూపంలో తయారైనవే.

ఆ వెనక దారులు ఉండేది జాలీ కింద, మైకు మెడ దగ్గర. పాటగాళ్ళలో కొందరు జాలీని గుప్పిట్లో పట్టుకుని పాడతారు. చూడటానికి హుషారుగా ఉంటుంది. కానీ గుప్పిటతో ఆ దారులు మూసుకుపోతాయి. మైకు అన్ని వైపులా వినడం మొదలుపెడుతుంది. వెంటనే కూత. కూత ఆపాలని జాలీని ఇంకా గట్టిగా అరచేత్తో మూస్తారు. కూత ఇంకా పెరుగుతుంది. మైకును కాడ మధ్యలో పట్టుకోవాలి. జాలీ పూర్తిగా బయటికి కనపడాలి.

వేదిక మీద తెరిచి ఉన్న మైకుల సంఖ్య కూడా చూసుకోవాలి. అధ్యక్షుడికొకటి, ముఖ్య అతిథికొకటి, ఆత్మీయ అతిథులందరికీ తలా ఒకటి. మాట్లాడేది ఒక్కరే, తెరిచి ఉన్నవి ఎనిమిది. మైకులు రెట్టింపైన ప్రతిసారీ కూత రాకుండా పెంచగలిగిన హద్దు 3 డెసిబెల్స్ తగ్గుతుంది. ఒకటి రెండై, రెండు నాలుగై, నాలుగు ఎనిమిదయ్యేసరికి 9 డెసిబెల్స్ పోతాయి. మాట్లాడేవారి మైకు తప్ప తక్కినవన్నీ ఆపితే అంత మేలూ పైసా ఖర్చు లేకుండా తిరిగొస్తుంది.

దగ్గరగా మాట్లాడాలి సరే, మరీ దగ్గరైతే ఏమవుతుంది? రెండు ఇబ్బందులొస్తాయి. మొదటిది ఊపిరి దెబ్బ. శ్రోతలు ఇప్పుడే ఒక పరీక్ష చేసి చూడొచ్చు. అరచేతిని పెదవులకు ఎదురుగా బెత్తెడు దూరంలో పెట్టి, పాప భయపడింది అనాలి. పకారం దగ్గరా భకారం దగ్గరా అరచేతికి గాలి తగులుతుంది. ఆ గాలే మైకు పొర మీద పడితే స్పీకర్లోంచి ధబ్బుమని వినిపిస్తుంది. ఇప్పుడు అదే చేతిని పెదవుల మూలకు, ఒక చెంప వైపుకు జరిపి మళ్ళీ అనాలి. మాట అంతే ఉంటుంది, గాలి దాదాపు తగలదు. మైకు ఉండాల్సిన చోటు అదే. నోటికి నేరుగా ఎదురుగా కాదు, కొంచెం పక్కగా, ముఖం మాత్రం నోటి వైపుకే తిప్పి. గాలి నోటికి ఎదురుగా సూటిగా పోతుంది. శబ్దం పక్కలకూ పరుచుకుంటుంది. ఈ తేడాను వాడుకోవడమే ఇక్కడి పని. జాలీ మీద స్పాంజి తొడుగు వేస్తే ఇంకా మంచిది. రికార్డింగులో అయితే నోటికీ మైకుకూ మధ్య వలలాంటి పాప్ ఫిల్టరు నిలబెడతారు.

రెండో ఇబ్బంది బేస్ పెరగడం. కార్డియాయిడ్ మైకుకు నోరు మరీ దగ్గరైతే గొంతులో మంద్రం అసలుకన్నా ఎక్కువగా పడుతుంది. సన్నటి గొంతులకు ఇది కొంత నిండుదనం ఇస్తుంది. అసలే లావుపాటి గొంతైతే మాటలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి గుంయ్‌మంటాయి. అక్షరం తెగదు. అప్పుడు రెండు మూడు అంగుళాలు వెనక్కి జరగాలి, లేదా మైకుల శబ్దాలన్నీ కలిపే మిక్సరు మీద బేస్ తగ్గించాలి. చాలా మిక్సర్లలో లో కట్ అని ఒక మీట ఉంటుంది. మాటకు అక్కర్లేని అడుగు శబ్దాన్ని అది కోసేస్తుంది. ఉపన్యాసాలకు దాన్ని వేసి ఉంచడమే మంచిది.

ఎవరికి ఎంత దూరమో ఇప్పుడు చెప్పుకోవచ్చు. చేతిలో పట్టుకునే మైకులో మాట్లాడేవారికి బెత్తెడు. ఉపన్యాస వేదికకు బిగించిన సన్నటి వంపు మైకుకు జానెడు. అది సున్నితమైన రకం కాబట్టి ఆ దూరం దానికి చాలు. దాని మెడ వంచి నోటి వైపుకు తిప్పుకోవాలి, అంతేగానీ మనిషి నడుం వంచకూడదు. వంగి మాట్లాడేవాడి గొంతు నేలకు పోతుంది. చొక్కాకు తగిలించే చిన్న మైకు గడ్డం నుంచి జానెడు కిందుండాలి. దాని పక్కన మెడలో గొలుసు గానీ, జరీ అంచు గానీ, కండువా గానీ ఆడకూడదు. మనిషి కదిలినప్పుడల్లా అవి రాసుకుని గరగరమంటాయి. చూసేవాళ్ళకు తెలియదు, వినేవాళ్ళకు మాత్రం ఆ గరగరే వినిపిస్తుంది.

పాటగాళ్ళకు ఒకే దూరం కుదరదు. మెల్లగా పాడేటప్పుడు రెండు మూడు అంగుళాలు. తారస్థాయికి వెళ్ళేటప్పుడు తల వెనక్కి జరపాలి. పద్యనాటకంలో నటుడు పద్యం చివర రాగం అందుకున్నప్పుడు గొంతు ఒక్కసారిగా లేస్తుంది. మైకు దగ్గరే ఉంటే శబ్దం పగిలిపోతుంది. జానెడు వెనక్కి జరిగితే రాగం నిండుగా పడుతుంది. అనుభవమున్న నటులు రాగం ఎత్తుకునేటప్పుడే ముఖం జరుపుతారు, దిగేటప్పుడు మళ్ళీ దగ్గరికొస్తారు. వాల్యూము చెయ్యాల్సిన పని అక్కడ మెడే చేస్తుంది. రేడియో నాటకం మరో అడుగు ముందుకు వేసింది. 1948లో విజయవాడ ఆకాశవాణి కేంద్రం మొదలైంది. అక్కడి నాటకాలను తెలుగువాళ్ళు ఇళ్ళలో రేడియో చుట్టూ కూర్చుని విన్నారు. రేడియో నాటకంలో వీధిలోంచి కేకేస్తూ లోపలికొచ్చే పాత్రధారి మైకుకు దూరంగా మొదలుపెట్టి నడిచి దగ్గరికొస్తాడు. రహస్యం చెప్పే పాత్ర బెత్తెడు దూరానికి వస్తుంది. తెర లేని చోట గదినీ, వాకిలినీ, వీధినీ చూపించేది ఈ దూరమే.

ఇక బుర్రకథ. ముగ్గురు మనుషులు, మధ్యలో తంబురాతో కథకుడు, అటూ ఇటూ గుమ్మెటలతో వంతలు. కథకుడు ముందుకూ వెనక్కూ చిందు వేస్తూ ఉంటాడు. ముగ్గురికీ తలా ఒక మైకు పెడితే ఒక చిక్కుంది. ఒకరి గొంతు రెండు మైకుల్లోనూ పడుతుంది. రెండో మైకుకు అది కొంచెం ఆలస్యంగా చేరుతుంది. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లే పోతుంది గనుక, ఒక్క గజం తేడా కూడా లెక్కకొస్తుంది. ఆ రెండూ మిక్సరులో కలిసినప్పుడు కొన్ని శ్రుతులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. గొంతు డొల్లగా, బోలుగా వినిపిస్తుంది. దీనికి సౌండు పనివాళ్ళు పాటించే లెక్క మూడుకు ఒకటి. నోటికీ తన మైకుకూ ఎంత దూరముందో, పక్క మైకు అంతకు మూడు రెట్ల దూరంలో ఉండాలి. కథకుడు తన మైకుకు జానెడులో ఉంటే, వంత మైకు మూడు జానల అవతల ఉండాలి. అంత జాగా లేకపోతే మైకులు తగ్గించడమే మేలు. వంత గుమ్మెట దెబ్బ ఎలాగూ ఏ మైకులోనైనా పడుతుంది. దానికి వేరే మైకు అవసరం చాలా తక్కువ. హరిదాసుకు కూడా ఇదే చెప్పాలి. చేతిలో చిరతలు మైకుకు మరీ దగ్గరగా మోగితే కథ మునిగిపోతుంది. మైకు చిరతలు లేని చేతి వైపు ఉండాలి.

కచేరీ సంగతి ఒక్క మాట. మృదంగానికి రెండు వైపులా రెండు శబ్దాలు. ఒకే మైకైతే కుడి మూతకే అతుక్కోకుండా కాస్త ఎడంగా, రెండూ వినిపించే చోట పెట్టాలి. వయొలినుకు పై నుంచి, తీగల వైపు చూస్తూ పెట్టాలి. వాయిద్యం శబ్దం ఒక్క చోట నుంచి రాదు, చెక్క పెట్టె అంతా పలుకుతుంది. అందుకని వాయిద్యాలకు మరీ దగ్గర పనికిరాదు. వాటికి జానెడు మంచి మొదలు.

కార్యక్రమానికి ముందు చేసే పరీక్ష గురించి కూడా చెప్పాలి. మైకు పనిచేస్తోందో లేదో చూడటానికి చాలామంది దాన్ని వేళ్ళతో కొడతారు, లేదా ఉఫ్ అని ఊదుతారు. రెండూ మైకుకు హాని. రికార్డింగు మైకుల్లో పొర 6 మైక్రాన్ల మందం ఉండటం మామూలు. తల వెంట్రుక మందంలో అది పదో వంతు. దాని మీద ఊదితే తడి గాలి నేరుగా పోయి తగులుతుంది. పరీక్షకు మాట్లాడటమే దారి. అదీ హలో హలో అని కాదు. హలో అనే గొంతు వేరు, ఉపన్యసించే గొంతు వేరు. ఆ రోజు చెప్పబోయే మాటల్లో అన్నిటికన్నా గట్టిగా చెప్పే వాక్యాన్ని, చెప్పబోయే దూరం నుంచే, చెప్పి చూడాలి. వాల్యూము దానికి సరిపోయేలా పెట్టాలి.

రికార్డింగుకు వస్తే స్పీకర్లు ఉండవు, కూత ఉండదు. కానీ గది ఉంటుంది. టైల్స్ నేల, ఖాళీ గోడలు, పైన స్లాబు. నోట్లోంచి వచ్చిన మాట వాటికి తగిలి తిరిగొచ్చి మళ్ళీ మైకులో పడుతుంది. మైకు మూరెడు అవతల ఉంటే మాట ఎంతో, గోడల నుంచి వచ్చిన ప్రతిధ్వనీ ఇంచుమించు అంత దాకా పెరుగుతుంది. జానెడుకు తెస్తే మాట ముందుకొస్తుంది, గది వెనక్కి పోతుంది. ఇక్కడా ముందు దూరం, తరవాతే వాల్యూము. ఆ తరవాత గది సంగతి. బట్టల బీరువా తలుపులు తీసి, దాని ముందు కూర్చుని మాట్లాడినా తేడా తెలుస్తుంది. మనిషి వెనక గోడకు బొంతో దుప్పటో వేలాడదీస్తే ఇంకా మంచిది. ఫ్యాను ఆపాలి. ఫ్రిజ్ పక్క గదిలో ఉండాలి.

ఫోనులోనే రికార్డు చేసేవారికీ ఇదే వర్తిస్తుంది. చాలా ఫోన్లలో మాట్లాడే మైకు కింది అంచున ఉన్న చిన్న రంధ్రం వెనక ఉంటుంది. పట్టుకునేటప్పుడు వేలు దాని మీద పడకూడదు. ఆ రంధ్రంలో దుమ్ము చేరితే గొంతు మూసుకుపోయినట్టు వస్తుంది. దాంట్లో సూదీ పిన్నీసూ పెట్టకూడదు. మెత్తటి పొడి బ్రష్షుతో పై నుంచి తుడవాలి, అంతే.

రికార్డింగులో శబ్దం ఎంత ఎత్తున పెట్టాలి? డిజిటల్ రికార్డింగులో సున్నా అన్నది పై హద్దు. శబ్దం సున్నాను దాటితే తల తెగిపోతుంది. అలా తెగినదాన్ని మళ్ళీ అతికించలేరు. తక్కువగా రికార్డయినదాన్ని తరవాత పెంచుకోవచ్చు. అందుకే గట్టి మాటల దగ్గర మీటరు మైనస్ 12 ప్రాంతంలో ఉండేలా చూసుకోవడం మంచిది. కోపంతో కేక వేసే పాత్ర ఉన్నా, నవ్వు పగలబడినా, పైన జాగా ఉంటుంది.

రికార్డింగుకు వాడే కండెన్సరు మైకు తనంతట తాను పనిచెయ్యదు. దానికి కరెంటు కావాలి. మిక్సరు మీద 48 వోల్టులు అని రాసి ఉన్న మీట వేస్తే, అదే తీగలోంచి మైకుకు కరెంటు వెళుతుంది. ఫాంటమ్ పవర్ అంటారు. ముందు వాల్యూము పూర్తిగా దించాలి. మైకు తగిలించాలి. తరవాత మీట వెయ్యాలి. కొన్ని క్షణాలు ఆగి, అప్పుడు వాల్యూము ఎత్తాలి. తీసేటప్పుడు ముందు మీట ఆపాలి, ఆ తరవాతే తీగ పీకాలి. ఈ వరస తప్పితే స్పీకర్లలో పెద్ద దెబ్బ వినిపిస్తుంది. దానికి స్పీకర్లే పోవచ్చు. చొక్కాకు తగిలించే చిన్న మైకులు కండెన్సర్లలోనే వేరే రకం. బెల్ ల్యాబ్స్‌లో జేమ్స్ వెస్ట్, గెర్హార్డ్ సెస్లర్ 1962లో రూపొందించిన ఎలెక్ట్రెట్ పద్ధతి వాటిది. పొరలోనే విద్యుదావేశం నిలిచి ఉంటుంది, కాబట్టి చిన్న బ్యాటరీ చాలు.

ఇక మైకు సంరక్షణ. దగ్గరగా మాట్లాడే మైకు త్వరగా మురికవుతుంది. ఊపిరి తడి, తుంపర్లు, లిప్‌స్టిక్కు జాలీలోనూ, దాని లోపలి స్పాంజిలోనూ చేరతాయి. కొన్నాళ్ళకు వాసన వస్తుంది. శబ్దం కూడా మారుతుంది. ముందు పోయేవి సన్నటి శబ్దాలు. సకారం, శకారం మొద్దుబారతాయి. మైకు పాడైందనుకుని కొత్తది కొంటారు. కడగాల్సింది జాలీ మాత్రమే.

చేతిలో పట్టుకునే మామూలు మైకుది డైనమిక్ రకం. దాని జాలీ మరమేకులా తిరుగుతుంది. దాన్ని విప్పి పక్కకు తియ్యాలి. మైకు నుంచి విడిగా తీసిన తరవాతే నీళ్ళు. గోరువెచ్చటి నీళ్ళలో కాస్త సబ్బు వేసి, మెత్తటి పాత టూత్‌బ్రష్షుతో లోపలా బయటా రుద్దాలి. స్పాంజి ఊడి వస్తే దాన్నీ పిండి కడగాలి. నీడలో ఒక రాత్రంతా ఆరబెట్టాలి. పూర్తిగా ఆరాకే బిగించాలి. తడి జాలీ బిగిస్తే ఆ తడి పొర మీదికి దిగుతుంది. జాలీ విప్పినప్పుడు బయటపడే లోపలి భాగాన్ని వేలితో ముట్టకూడదు, గుడ్డతో తుడవకూడదు. కరోనా రోజుల్లో మైకుల మీద నేరుగా శానిటైజరు కొట్టడం అలవాటైంది. అది మానుకోవాలి. ద్రవాన్ని గుడ్డ మీద వేసి, ఆ గుడ్డతో కాడను తుడవాలి. పదిమంది వాడే మైకుకు ఎవరి స్పాంజి తొడుగు వారికి ఇవ్వడం అన్నిటికన్నా శుభ్రమైన పద్ధతి.

డైనమిక్ మైకులో అయస్కాంతం ఉంటుంది. ఇనప రజను ఉన్న చోట, వెల్డింగు షాపు బల్ల మీద లాంటి చోట, దాన్ని పెట్టకూడదు. రజను లోపలికి లాక్కుంటుంది, ఇక బయటికి రాదు. కండెన్సరుకు శత్రువు తేమ. విశాఖ, కాకినాడ, బందరు లాంటి సముద్రతీరపు ఊళ్ళలో, వానాకాలంలో అది చిటపటమంటుంది. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచాలి. పొట్లంలో గింజల రంగు మారితే తేమ పట్టినట్టు. వేడి చేసి ఆరబెడితే మళ్ళీ పనికొస్తాయి. మే నెల ఎండలో మూసిన కారులో ఏ మైకునూ వదలకూడదు.

మైకు పలకడం లేదంటే ముందు అనుమానించాల్సింది మైకును కాదు, తీగను. వేరే తీగతో పెట్టి చూడాలి. తీగ సాధారణంగా తెగేది పిన్ను దగ్గర. పిన్నును పట్టుకుని తియ్యాలి, తీగను లాగకూడదు. కార్యక్రమం అయ్యాక తీగను మోచేతి చుట్టూ బిగించి చుట్టడం మామూలుగా కనిపించే అలవాటు. అలా చుడితే ప్రతి చుట్టుకూ ఒక మెలి లోపల పడుతుంది. కొన్నాళ్ళకు లోపలి పోగులు తెగుతాయి. వదులుగా, వెడల్పాటి చుట్టలుగా, ఒక చుట్ట పై నుంచి, తరవాతిది కింది నుంచి వేస్తూ పోతే మెలి పడదు. మళ్ళీ విసిరితే చిక్కు లేకుండా పరుచుకుంటుంది. మూడు పిన్నుల తీగలో మాట రెండు పోగుల్లో ఎదురెదురుగా పోతుంది. దారిలో చేరిన బయటి రొద రెండింటిలోనూ ఒకేలా పడి, చివర కొట్టుకుపోతుంది. అందుకే దూరం లాగేచోట లావుపాటి జాక్ పిన్ను తీగ కంటే ఇదే వాడాలి. కరెంటు వైరు పక్కనే పొడవునా మైకు తీగ పరచకూడదు. దాటాల్సి వస్తే అడ్డంగా దాటించాలి.

వైర్‌లెస్ మైకుకు కార్యక్రమానికి ముందు కొత్త బ్యాటరీలు వెయ్యాలి. చాలా చేతి మైకుల్లో ఏరియల్ కాడ అడుగున ఉంటుంది. అక్కడ గుప్పిట పెట్టి మూస్తే మాట తెగి తెగి వస్తుంది. రిసీవరు వేదికకు కనపడేంత దగ్గరలో ఉండాలి, బల్ల కింద ఇనప పెట్టెలో కాదు. ఇంటికి చేరగానే బ్యాటరీలు తీసెయ్యాలి. నెలల తరబడి లోపలుంటే అవి కారి స్ప్రింగులను తినేస్తాయి.

కింద పడ్డ మైకుకు ముందు దెబ్బ తినేది జాలీ. సొట్ట పడిన జాలీ తన పని చేసినట్టే, లోపలి పొరను కాపాడింది. పేరున్న మైకులకు జాలీలు విడిగా దొరుకుతాయి. మార్చినా మాట సన్నగా, బొంగురుగానే వస్తుంటే, తీగ కూడా మార్చి చూశాక, దెబ్బ లోపలికి తగిలినట్టు. ఆ లోపలి భాగం కూడా చాలా మైకులకు విడిగా దొరుకుతుంది. సోల్డరింగు వచ్చిన మెకానిక్కు దాన్ని మార్చగలడు. కాడ, స్విచ్చు, పిన్ను పాతవే ఉంటాయి.